ఒక్క ఆట ఆడి లేద్దామనుకుంటా, లేవలేను

ప్రశ్న: మాది తెనాలి. నాకు 36 ఏళ్లు. ఇంట్లోనే మిషను పెట్టుకుని బ్లౌజులు కుడతాను. ఇంటర్ చదివే మా అమ్మాయి రెండేళ్ల కిందట నా ఫోన్‌లో రంగురంగుల మిఠాయిలు మూడేసి కలిపే ఆట ఒకటి వేసిచ్చింది. ఒక జాకెట్టు అవగానే ఒక్క ఆట ఆడి లేద్దామనుకుంటాను. లేచేసరికి ముప్పావు గంట అవుతుంది. లైఫులు, అంటే ఓడినప్పుడల్లా ఒకటి తగ్గే అవకాశాలు, అయిపోతే ఫోన్‌లో టైము ముందుకు జరిపితే మళ్లీ వస్తాయని కూడా అమ్మాయే నేర్పింది. మొన్న రాత్రి అలా రెండున్నర గంటలు జరిపి, వెనక్కి మార్చడం మర్చిపోయి పడుకున్నాను. ఐదింటికని పెట్టుకున్న అలారం రెండున్నరకే మోగింది. లేచి పాలు పొయ్యి మీద పెట్టేశాను కూడా. మావారికి సంగతి తెలిసి 'ఈ వయసులో నీకు ఆటలేంటి' అని ఒకటే నవ్వు. ఆయనకి తెలియనిది ఇంకోటి ఉంది. పోయిన నెల ఇస్త్రీ చేస్తూ మధ్యలో ఫోన్ అందుకున్నాను. పెట్టె పక్కన పెట్టాననుకున్నాను గానీ అది ఒకావిడ పట్టు బ్లౌజు చేతి అంచు మీదే ఉండిపోయింది. మాడిపోయింది. గుడ్డ ఖరీదు నేనే ఇచ్చుకున్నాను. ఆటలో మూడుసార్లు 89 రూపాయల చొప్పున కట్టాను కూడా. ఇది జబ్బా? ఆట తీసేయాలా? తీసేస్తే ఆ కాసేపు ఏం చేయను?
ఒక పాఠకురాలు

సమాధానం: రెండున్నరకి పాలు పొయ్యి మీద పెట్టిన దగ్గర నాకూ నవ్వొచ్చింది, ఏమనుకోకండి. 'ఈ వయసులో ఆటలేంటి' అన్న మాట దగ్గరికొచ్చేసరికి ఆ నవ్వు పోయింది. మగవాళ్లు అరుగు మీద కూర్చుని పేకముక్కలు పంచుకుంటే వాళ్ల వయసు ఎవరూ అడగరు. ఆదివారమంతా టీవీ ముందు క్రికెట్‌తో గడిపేసినా అది కాలక్షేపమే. ఆడది పది నిమిషాలు ఫోన్ పట్టుకుంటే మాత్రం లెక్క చెప్పాలి. పొద్దున ఇంటిల్లిపాది టైముకి వండుతారు, పగలంతా ఊళ్లోవాళ్ల కొలతలకి కుడతారు. మిమ్మల్ని ఎవరూ పిలవని కాసేపు మీకు కావాలి. ఆ కాసేపు ఆట ఆడతారో, గుమ్మంలో కూర్చుని వీధి చూస్తారో మీ ఇష్టం.

నన్ను ఆపింది వేరే. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆడాక హాయిగా ఉందని ఎక్కడా రాయలేదు మీరు.

నేనేమీ నీతులు చెప్పేంతదాన్ని కాదు. నోకియా 3310 చేతికొచ్చిన కొత్తలో ఒంగోలు బస్టాండులో సిమెంటు బల్ల మీద కూర్చుని పాము ఆట ఆడుతున్నాను. పాము పొడుగైపోయింది, తోకకి తల తగలకుండా తిప్పుకోవాలి. ఎదురుగానే నేనెక్కాల్సిన బస్సు వచ్చింది, జనం ఎక్కారు, కండక్టరు రెండుసార్లు ఊరి పేరు అరిచాడు, వెళ్లిపోయింది. ఇదంతా నాకు తెలుస్తూనే ఉంది. తల మాత్రం ఎత్తలేదు. తర్వాతి బస్సుకి గంటన్నర.

ఆ పాము మొదట 1997లో నోకియా 6110 ఫోన్‌లో వచ్చింది. రాసింది టానెలీ అర్మాంటో అనే ఫిన్లాండ్ ఇంజనీరు. నా బస్సు తప్పించినా దానికో మంచి గుణం ఉంది. పాము చచ్చాక అది నన్నేమీ అడగలేదు. ఎనభై తొమ్మిది రూపాయలిస్తే బతికిస్తాననలేదు. నేను పప్పు తాలింపు వేసుకుంటుంటే 'మీ లైఫులు నిండాయి, రండి' అని ఫోన్ మోగించలేదు. ఆడితే ఆడు, పోతే పో అన్నట్టుండేది. మీరు ఆడుతున్న రకం ఆటలు అలా ఊరుకోవు.

ఆట పేరు మీరు రాయలేదు. ఆ కోవలో అందరికీ తెలిసింది క్యాండీ క్రష్ కాబట్టి దాని సంగతి చెప్తాను, మీదీ కొంచెం అటూ ఇటూగా అదే పద్ధతి. కింగ్ అనే కంపెనీ దాన్ని 2012 ఏప్రిల్‌లో ఫేస్‌బుక్‌లో పెట్టింది, అదే ఏడాది నవంబరులో ఫోన్లలోకి తెచ్చింది. మూడింటిని వరసలో చేర్చే ఆట వాళ్లు కనిపెట్టింది కాదు. 1994లో రష్యాలో షరీకీ అని ఒకటి, 2001లో బిజువెల్డ్ అని ఒకటి ముందే ఉన్నాయి. బస్సు కోసం, పాలు పొంగడం కోసం ఎదురుచూసే మూడు నిమిషాలకి సరిపడేలా ఆటని కత్తిరించడమే కొత్త. ఒంటి చేత్తో ఆడొచ్చు, చదువు రాకపోయినా ఆడొచ్చు, మధ్యలో ఎవరైనా పిలిస్తే ఫోన్ బోర్లించి వెళ్లొచ్చు. పైగా ఉచితం. అలాంటి ఉచితపు ఆటలు నడిపే కింగ్‌ని 2016లో అమెరికాలోని యాక్టివిజన్ బ్లిజార్డ్ కంపెనీ 590 కోట్ల డాలర్లు పోసి కొనుక్కుంది. ఎక్కువమంది పైసా కట్టకుండా ఆడేవాళ్లే. కట్టే కొద్దిమంది చాలు.

ఇక ఎందుకు లేవలేకపోతున్నారంటే, దానికి సమాధానం మీ మిషను దగ్గరే ఉంది. జాకెట్టంతా అయింది, రెండు హుక్కులు కుట్టడమే మిగిలింది. దాన్ని మడిచి పక్కన పెట్టి ప్రశాంతంగా పడుకోగలరా? మధ్యలో ఉన్నదైతే పెట్టేస్తారు. హుక్కుల దాకా వచ్చింది మాత్రం చెయ్యి వదలదు. ఆటలోనూ అంతే. ఘోరంగా ఓడిపోతే విసుగొచ్చి ఫోన్ పడేస్తాం. ఒక్క మిఠాయి మిగిలిపోయి ఓడితే పడెయ్యలేం. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయం వాళ్లు 2017లో క్యాండీ క్రష్ ఆడేవాళ్ల మీదే ఇది పరీక్షించారు. అంచుదాకా వచ్చి ఓడినప్పుడు చిరాకు ఎక్కువగా ఉంది, మళ్లీ ఆడాలన్న తహతహా గట్టిగానే ఉంది. సరిగ్గా ఆ క్షణంలోనే తెర మీద 'ఇంకో ఐదు మూవ్‌లు కావాలా' అని అడుగుతుంది. మీ మూడు 89లూ ఇలాంటి చోటే కట్టి ఉంటారని నా అనుమానం.

దానికి తోడు అదృష్టం. మీరు ఒకటి జరిపితే పైనుంచి పడ్డవి వాటంతటవే కలిసి టపటపా పేలిపోతాయి చూడండి, అందులో మీ తెలివి పెద్దగా లేదు. ఎప్పుడు పేలతాయో తెలియదు కాబట్టే ఇంకోసారి జరపాలనిపిస్తుంది. బొత్తాం పొడిచినప్పుడల్లా గింజ పడితే పావురం కడుపు నిండాక మానేస్తుంది. ఎన్నోసారికి పడుతుందో తెలియకపోతే పొడుస్తూనే ఉంటుంది. ఇది స్కిన్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పావురాలతో ఎప్పుడో చూపించిన సంగతి. మనల్ని పావురాలన్నానని కాదు. నేనూ బస్సు పోగొట్టుకున్నదాన్నే.

ఇప్పుడు లైఫుల దగ్గరికి వద్దాం. క్యాండీ క్రష్‌లో లైఫులు ఐదు. ఓడితే ఒకటి పోతుంది, అరగంటకొకటి తిరిగొస్తుంది. ఐదూ నిండాలంటే రెండున్నర గంటలు. మీరు గడియారం జరిపింది సరిగ్గా ఆ రెండున్నర గంటలే, చూశారా! ఈ ఏర్పాటు మన మీద జాలితో చేసింది కాదు. ఆకలి తీరకుండా లేపితే మళ్లీ వస్తాం, ఆగలేనివాళ్లు డబ్బు కడతారు, అదీ లెక్క. ఏ లెక్కన పెట్టినా, ఆ ఆట మొత్తంలో మిమ్మల్ని 'ఇక లే' అనేది అదొక్కటే. ఆ ఒక్క కాపలావాడినీ మీరూ మీ అమ్మాయీ కలిసి గడియారంతో పడుకోబెట్టేశారు.

నేను చెప్పే పద్ధతి ఇది. గెలిస్తే లైఫు పోదు కాబట్టి ఐదు లైఫులతోనూ గంట ఆడొచ్చు, అందుకని ఐదు వద్దు. ఒక లెవెల్ గెలవడమా, రెండు లైఫులు పోవడమా, ఏది ముందైతే అక్కడ లేవండి. గెలిచి లేవడం కష్టం, ఊపు మీద ఉంటాం. ఓడి లేవడం ఇంకా కష్టం. అందుకే కూర్చునేముందే టీ పెట్టుకోండి. వేడి టీ గ్లాసు పక్కన పెట్టుకుని, తాగుతూ ఆడి, గ్లాసు కడగడానికి లేవండి. అలారం కన్నా ఇదే మేలు. అలారాన్ని నొక్కేస్తాం, చల్లారిన టీ మాత్రం మొహం మీద చెప్పేస్తుంది ఎంతసేపైందో.

మిషను స్టూలు మీద కూర్చుని మాత్రం ఆడకండి. సూది ముందు వంచిన మెడని ఫోన్ ముందు అలాగే వంచి ఉంచితే మెడకి దక్కిన విరామమేంటి? కళ్లకీ అంతే. సూది మీకు ఎంత దూరమో ఫోనూ దాదాపు అంతే దూరం. 20 నిమిషాలకోసారి, 20 అడుగుల అవతల ఉన్నదాన్ని 20 సెకన్లు చూడమని కంటి డాక్టర్లు చెబుతుంటారు. చీకటి పడ్డాక నల్ల గుడ్డ మీద నల్ల దారంతో కుట్టేవాళ్లకి అది ఇంకా అవసరం. ముందు లేచి వసారాలోకి వెళ్లండి, ఎదురింటి మేడ మీద ఆరేసిన బట్టలు లెక్కపెట్టండి, నడుం వెనక్కి విరవండి, ఆ తర్వాత ఫోన్ ముట్టుకోండి.

ఇంకో సంగతి, ఏ పని తర్వాత ఆడుతున్నారన్నది. జాకెట్టు పూర్తయి కవర్లో పెట్టాక ఆడితే ముప్పావు గంట పోతుంది, అంతే. లైనింగు కత్తిరించడం మధ్యలోనో, చెయ్యి అతికించడం మధ్యలోనో ఆడితే కుడి చెయ్యి ఎడమకి పడుతుంది, ఆది బ్లౌజు పక్కనే ఉన్నా మెడ లోతు తప్పుతుంది. ఇస్త్రీ మధ్యలో ఏమవుతుందో నాకన్నా మీకే బాగా తెలుసు. ఇస్త్రీ పెట్టె ప్లగ్గు పెట్టేముందు ఫోన్ పక్క గదిలో పెట్టి రండి. మీ చేతిలో పెట్టుకుని ఆడననుకుంటే కుదరదు, పక్క గదిలోనే పెట్టాలి.

జబ్బా అని అడిగారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో ఆటల వ్యసనానికి చోటు ఉంది, ఆ కొత్త జాబితా 2022 జనవరి నుంచి అమల్లోకొచ్చింది. వాళ్ల గీటురాయి చాలా గట్టిది. ఆపుకోలేకపోవడం, మిగతా పనులన్నిటికన్నా ఆటే ముందవడం, నష్టం కళ్లకి కనిపిస్తున్నా ఆడుతూనే ఉండడం, దానివల్ల ఇల్లూ పనీ బాగా దెబ్బతినడం, ఇదంతా మామూలుగా ఏడాదిగా సాగుతుంటే అప్పుడంటారు ఆ మాట. మీరు జాకెట్లు కుట్టి ఇస్తున్నారు, ఇల్లు నడుస్తోంది, మీ తప్పు మీకు కనిపించి ఉత్తరం రాశారు. నేను డాక్టరుని కాదు గానీ దీన్ని జబ్బు అనుకోవడం లేదు. ముదిరిన అలవాటు, అంతే. ఒప్పుకున్న తారీఖులకి జాకెట్లు ఇవ్వలేకపోయినా, రాత్రి నిద్ర మానుకుని ఆడుతున్నా, కట్టే డబ్బు దాచడం పెరుగుతున్నా 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వం వాళ్ల టెలీ మానస్, డబ్బులక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్‌లో ఫోన్, ఆటల అలవాట్ల కోసమే 2014 నుంచి ఒక క్లినిక్ నడుస్తోంది. అక్కడిదాకా వెళ్లే అవసరం మీకు కనిపించట్లేదు.

నాకు గుచ్చుకుంది ఆట కాదు, మాడిన బ్లౌజు సంగతి ఇంట్లో చెప్పకపోవడం. చెప్పేయండి. పాల కథకి అంత నవ్విన మనిషి ఇంకోసారి నవ్వుతాడేమో, ఒక మాట అంటాడేమో. అనిపించుకోండి. దాచినన్నాళ్లూ మీరు ఫోన్ తీసిన ప్రతిసారీ ఆ పట్టు అంచు గుర్తొస్తుంది, అది మర్చిపోవడానికి ఇంకో లెవెల్ ఆడతారు.

ఆట తీసేయాలా అంటే, వెంటనే వద్దు. వియత్నాంలో డాంగ్ గుయెన్ అనే కుర్రాడు ఫ్లాపీ బర్డ్ అని ఒక ఆట రాశాడు. పిట్టని గొట్టాల మధ్యలోంచి ఎగరేయడం, ఇంకేమీ లేదు. 2014 మొదట్లో ప్రపంచమంతా దాని మీద పడింది. తీరిగ్గా ఉన్నప్పుడు కొన్ని నిమిషాలు ఆడుకోవడానికి చేస్తే వ్యసనమై కూర్చుందని ఆ ఫిబ్రవరిలో తనే దాన్ని తీసేశాడు. జనం ఏం చేశారు? ఆ ఆట ఉన్న పాత ఫోన్లని ఈబే అనే ఆన్‌లైన్ సంతలో పెద్ద ధరలకి అమ్మకానికి పెట్టారు! ఆట పోయినంత మాత్రాన చెయ్యి ఊరుకోదు. ఒకటి తీసేస్తే మధ్యాహ్నానికి రీల్స్‌లో తేలతారు. అందుకని పదిహేను రోజులు పైన చెప్పిన పద్ధతిలో ఆడి చూడండి. ఆ పదిహేను రోజుల్లో ఒక్కసారి గడియారం జరిపినా, ఒక్క రూపాయి కట్టినా ఆ పూటే తీసేయండి. ఆ విషయంలో నేను బేరమాడను.

ఫోన్‌లో చేయాల్సినవి మీ అమ్మాయికి చెప్పండి, నేర్పిన దోషం ఆ పిల్లదే కదా. ఆ ఆట నుంచి నోటిఫికేషన్లు రాకుండా చేయమనండి. సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ అని ఉంటుంది, అందులో ఆ ఆటకి రోజుకి ఇరవై నిమిషాలని పెట్టొచ్చు. గడువు దాటితే దాని గుర్తు బూడిదరంగులోకి మారిపోయి అర్ధరాత్రి దాకా తెరుచుకోదు. ప్లే స్టోర్‌లో ఏది కొన్నా ప్రతిసారీ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టి, ఆ పాస్‌వర్డ్ పిల్ల దగ్గరే ఉంచండి. ఇంటర్ చదివే కూతురిని పిలిచి '89 కట్టాలి, పాస్‌వర్డ్ కొట్టు' అనడానికి ఏ తల్లికీ నోరు రాదు.

ఇలాంటి ఆటల మధ్యలో 'ఆడండి, సంపాదించండి' అని ప్రకటనలొస్తే వాటి జోలికి వెళ్లకండి. మీ 267 రూపాయలు పోతే పోయాయి. పందెం ఆటలు వేరే గొయ్యి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని తెలంగాణ 2017లో, మన ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో దేశమంతటికీ చట్టం వచ్చింది.

మరి ఏం ఆడాలి? నాకు తెలిసిన మంచి విరామపు ఆట అంటే దానంతటదే అయిపోయేది. అంకెలు కలుపుకుంటూ పోయే 2048 చాలామంది చెబుతారు. 2014లో ఇటలీ కుర్రాడొకడు తన పంతొమ్మిదో ఏట వారాంతపు సెలవులో చేసి ఉచితంగా వదిలాడు. లైఫులు లేవు, డబ్బు గొడవ లేదు. అయినా మీకు చెప్పను, చక్కగా సాగితే ఒక్క ఆటే టీ గ్లాసుని దాటేస్తుంది. వర్డిల్ నాకిష్టం. ఐదక్షరాల ఇంగ్లిష్ మాట ఒకటి ఆరు ప్రయత్నాల్లో పట్టుకోవాలి. రోజుకి ఒకటే. అయ్యాక ఎంత బతిమాలినా రేపు రమ్మంటుంది. మీ అమ్మాయితో కలిసి ఆడితే దాని ఇంగ్లిష్‌కీ పనికొస్తుంది. ఫోనే వద్దనుకుంటే పేపర్లో గళ్ల నుడికట్టు ఉండనే ఉంది. పొద్దున్నే కత్తిరించి మిషను సొరుగులో సుద్ద ముక్క పక్కన పెట్టుకోండి, జాకెట్టుకి నాలుగు మాటల చొప్పున నింపండి. సాయంత్రానికి అడ్డం, నిలువు నిండితే ఆ రోజుకి అయిపోయినట్టే. నిండకపోతే మర్నాటి పేపర్లో జవాబు ఉంటుంది, దానికి 89 అడగరు. చిన్నప్పుడు వామనగుంటలు ఆడి ఉంటారుగా, ఒకరి గింజలు అయిపోతే ఇద్దరూ పీట ఎత్తి గోడకి ఆనించేవాళ్లు. అలాంటిది కావాలి మీకు.

ఇదంతా రేపటి నుంచి మొదలుపెట్టినా ఫర్వాలేదు. ఫోన్ టైము మాత్రం ఇప్పుడే ఆటోమేటిక్‌లో పెట్టేయండి. శ్రావణం వస్తోంది, వరలక్ష్మీ వ్రతం జాకెట్లు ఈపాటికే గుట్టపడి ఉంటాయి. ఐదింటి అలారం ఐదింటికే మోగాలి.